పూడిక తీసే చేతులు

ఆరో తరగతి సాంఘిక శాస్త్రంలో నదీలోయ నాగరికతల పాఠం ఒకటి ఉంటుంది. నైలు, టైగ్రిస్, యూఫ్రటీస్, సింధు, హొయాంగ్‌హో. పుట్టాయి, వర్ధిల్లాయి, అంతరించాయి అని మూడు ముక్కల్లో పాఠం ముగుస్తుంది. అమలాపురంలోనో తణుకులోనో బడిలో కూర్చుని అది చదివే పిల్లకి ఇదంతా ఎక్కడో, ఎప్పుడో జరిగిపోయిన కథలా అనిపిస్తుంది. ఆ బడి ఉన్న నేల గోదావరి వేల ఏళ్లుగా తెచ్చి పోసిన ఒండ్రు. మధ్యాహ్నం తినే అన్నం కాలువ నీటితో పండిన పంట. ఆ పాఠం తన ఊరి గురించి కూడా అని చెప్పేవారే లేరు.

గోదావరికి ఆ పాఠంతో ఉన్న చుట్టరికం మామూలుది కాదు. మహారాష్ట్రలో గోదావరికి ప్రవర అనే ఉపనది ఉంది. దాని ఒడ్డున దైమాబాద్ అనే చిన్న పల్లె. 1974లో అక్కడ ఒక రైతు చెట్టు మొదలు తవ్వుతుంటే నాలుగు కంచు బొమ్మలు బయటపడ్డాయి. ఏనుగు, ఖడ్గమృగం, దున్నపోతు, రెండెడ్ల బండి. నాలుగూ కలిపి 60 కిలోలు దాటి తూగాయి. బండిపైన ఒక మనిషి నిలబడి ఎడ్లను తోలుతుంటాడు. ఆ బొమ్మల వయసుపై పండితుల్లో వాదాలున్నా, ఆ ఊరి మట్టిపొరల్లో మలి హరప్పా కాలపు ఆనవాళ్లు స్పష్టంగా దొరికాయి. సింధు లిపి అక్షరాలున్న ముద్రలూ దొరికాయి. క్రీ.పూ. 2000 ప్రాంతంలో సింధు నాగరికత చేతులు గోదావరి నీళ్ల దాకా సాగాయన్నమాట. ఆ నీళ్లే పైఠాన్, నాందేడ్, బాసర, ధర్మపురి, భద్రాచలం దాటి, పాపికొండల నడుమ ఒదిగి, రాజమహేంద్రవరం దగ్గర ఒళ్లు విరుచుకుని ధవళేశ్వరం దిగువన పాయలవుతాయి.

హరప్పా, మొహెంజొదారో పట్టణాలు ఎందుకు పోయాయన్న ప్రశ్నకు ఒకప్పుడు దండయాత్ర అనేవారు, తర్వాత వరద అన్నారు. ఇప్పుడు ఎక్కువమంది శాస్త్రజ్ఞులు చెప్పేది వేరు. సుమారు 4,200 ఏళ్ల కిందట మొదలుకొని రుతుపవనాలు తరాల తరబడి బలహీనపడ్డాయి, కొన్ని నదులు ఎండాయి, కొన్ని దారి మార్చాయి. జనం ఒక్కరోజున చచ్చిపోలేదు. తూర్పుకూ దక్షిణానికీ చిన్న చిన్న ఊళ్లుగా కదిలిపోయారు. విత్తనాలు తీసుకుపోయారు, ఎడ్లబండి తీసుకుపోయారు, కుండ చేసే పనితనం తీసుకుపోయారు. మహానగరాన్ని మాత్రం వెంట తీసుకుపోలేకపోయారు.

మొహెంజొదారో తవ్వకాల్లో మరో సంగతి తేలింది. కింది పొరల్లో వీధుల వెంట ఇటుకలతో కట్టి, పైన పలకలు కప్పిన మురుగు కాలువలున్నాయి. వాటిని తెరిచి శుభ్రం చేయడానికి వీలుగా అక్కడక్కడా గుంటలున్నాయి. ఎవరో క్రమం తప్పకుండా వచ్చి పూడిక తీసేవారు. పై పొరలకు వచ్చేసరికి ఆ శ్రద్ధ కనపడదు. పెద్ద ఇళ్లను చిన్న గదులుగా విడగొట్టుకున్నారు, పాత ఇటుకలు పీకి కొత్త గోడలు కట్టుకున్నారు, వీధిలోకి జరిగారు, మురుగు కాలువలను గాలికి వదిలేశారు. వాన తగ్గడం మనిషి చేతిలో లేదు. కాలువ తీయడం చేతిలో ఉంది. పతనం ఎక్కడి నుంచి వచ్చినా దాని మొదటి గుర్తు మాత్రం పూడిపోయిన కాలువలోనే కనిపిస్తుంది.

సుమేరు కథ దీనికి మరో పక్క. టైగ్రిస్, యూఫ్రటీస్ నదుల నడుమ కాలువలు తవ్వి, మనిషి మొదటిసారి పెద్ద ఎత్తున సేద్యం చేసిన నేల అది. 1958లో జాకబ్‌సెన్, ఆడమ్స్ అనే ఇద్దరు పరిశోధకులు అక్కడి మట్టిపలకల మీది లెక్కలు చూసి ఒక వాదన చేశారు. క్రీ.పూ. 3500 ప్రాంతంలో ఆ పొలాల్లో గోధుమ, బార్లీ దాదాపు సమానంగా పండేవి. క్రీ.పూ. 2100 నాటికి గోధుమ నూటికి రెండు పాళ్లకు పడిపోయింది. క్రీ.పూ. 1700 నాటికి దక్షిణ భాగంలో గోధుమ మాటే లేదు. బార్లీ చౌడును తట్టుకుంటుంది, గోధుమ తట్టుకోలేదు. నీరు పెట్టడం బాగా తెలిసిన ఆ జనానికి పెట్టిన నీటిని బయటికి పంపే దారి చాలలేదు. ఎండకు నీరు ఆవిరై ఉప్పు పైకి తేలింది. ఈ వాదన మొత్తానికి ఒప్పుకోని పండితులూ ఉన్నారు. అయినా నీరు పెట్టే కాలువతో పాటు మురుగు పోయే కాలువ కూడా ఉండాలన్న సంగతి గోదావరి డెల్టా రైతుకు ఏ పండితుడూ చెప్పనక్కర్లేదు. అది అతని అనుభవం.

మన డెల్టా కూడా ఒక్కసారే లేచి నిలిచింది కాదు. లేచింది, వాలింది, మళ్లీ లేచింది. గోదావరి ఎగువన దైమాబాద్ క్రీ.పూ. 1000 ప్రాంతానికి పాడుబడింది. కొన్ని శతాబ్దాల తర్వాత అదే నది ఒడ్డున పైఠాన్ శాతవాహనుల రాజధానిగా, తెలంగాణలో ఇప్పుడు పాత నాణేలు దొరుకుతున్న కోటిలింగాల పట్టణంగా వెలిశాయి. కింద మన వైపు గుంటుపల్లి కొండల్లో బౌద్ధ భిక్షువులు గుహలు తొలుచుకున్నారు. కోనసీమలో ఆదుర్రు దగ్గర స్తూపం లేచింది. ఏలూరు దగ్గరి పెదవేగి అప్పటి వేంగి. అది శాలంకాయనుల రాజధాని. తర్వాత తూర్పు చాళుక్యులకు ఆ పేరే రాజ్యం పేరైంది. ఏడో శతాబ్దంలో చైనా యాత్రికుడు హ్యూయాన్‌త్సాంగ్ ఈ దేశం చూసి రాసుకున్నాడు. ఇప్పుడు పెదవేగి ఒక పల్లె. దిబ్బ తవ్వితే పాత గుడి పునాదులు, ఇటుకలు బయటపడ్డాయి. రాజులు గోదావరి ఒడ్డున రాజమహేంద్రవరానికి కదిలారు. రాజరాజనరేంద్రుడి కొలువులో నన్నయ కూర్చుని మహాభారతం తెలుగు చేశాడు. రాజధాని మారినా ఈ నేల మీద ఊడ్పులు మాత్రం ఆగలేదు.

అలాంటి నేల కూడా ఒకసారి చావు అంచుకు వెళ్లొచ్చింది. పందొమ్మిదో శతాబ్దం మొదట్లో రాజమండ్రి జిల్లా పరిస్థితి ఇప్పుడు ఊహకు కూడా అందదు. ఈస్టిండియా కంపెనీ నేతగుడ్డ కొనడం మానేసింది, మగ్గాలు మూలపడ్డాయి. జమీందార్ల అప్పులు, శిస్తు బకాయిలు పెరిగాయి. పాత చెరువులు, కాలువలు బాగుచేసే నాథుడు లేడు. 1832-33లో నందన కరువు వచ్చింది. 1839లో కోరంగి తీరాన్ని తుపాను ఊడ్చేసింది. 1821లో సుమారు 7 లక్షల 38 వేలున్న జిల్లా జనాభా 1841 నాటికి 5 లక్షల 61 వేలకు పడిపోయింది. ఇరవై ఏళ్లలో ప్రతి నలుగురిలో ఒకరు లేకుండా పోయారు. కొందరు చనిపోయారు, కొందరు వలసపోయారు. ఊరి పక్కన అఖండ గోదావరి పారుతూనే ఉంది. ఏటా అంత నీరూ సముద్రంలో కలుస్తూనే ఉంది. నది ఒడ్డున నీళ్లు లేక జనం చచ్చిపోయిన కాలం అది.

1844లో జిల్లాను పరిశీలించిన హెన్రీ మాంట్‌గోమరీ ఈ దుస్థితికి నీటి పనులను పట్టించుకోకపోవడం పెద్ద కారణమని గుర్తించాడు. ఆ పైన ఆర్థర్ కాటన్ వచ్చాడు. ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం పాయలకు అడ్డంగా 1847లో ఆనకట్ట మొదలుపెట్టి 1852కు పూర్తిచేశారు. కాటన్ దొర పేరు ఈ జిల్లాల్లో చెప్పనక్కర్లేదు. ఊరూరా విగ్రహం ఉంది. తలచుకోవాల్సిన వాళ్లు ఇంకా ఉన్నారు. వేలమంది కూలీలను కూడగట్టి, పని నడిపించిన వీణెం వీరన్న ఉన్నాడు. ధవళేశ్వరం కొండ రాయి పగలగొట్టిన వడ్డెర్లు, మట్టి మోసిన ఆడవాళ్లు ఉన్నారు. లోతు తెలియని ఇసుక మీద కట్టడం నిలబెట్టే విద్యను కాటన్ కావేరి మీది కల్లణై ఆనకట్ట చూసి నేర్చుకున్నాడు. ఆ మాట తానే ఒప్పుకున్నాడు. కల్లణై సుమారు రెండు వేల ఏళ్ల కిందటి కరికాల చోళుడిదని చెబుతారు. అంటే ఒక నదీలోయ నాగరికత దాచిపెట్టుకున్న తెలివి, మరో నదీలోయ ప్రాణం పోతున్న వేళ అక్కరకొచ్చింది. పాతవాళ్ల పని పోయిందనుకుంటాం. ఎవరో ఒకరు దాన్ని బాగుచేస్తూ నిలబెట్టి ఉంచితే అది పోదు.

ఆనకట్ట కట్టడానికి అయిదేళ్లు పట్టింది. ఆ అయిదేళ్ల గురించి పుస్తకాలున్నాయి. తర్వాతి నూట డెబ్బై ఏళ్లకు పైగా ఏటా వేసవిలో కాలువలు కట్టేసినప్పుడు నడుం లోతు బురదలో దిగి పూడిక తీసినవాళ్ల గురించి పెద్దగా ఏమీ లేదు. తూము దగ్గర షట్టరు ఎత్తి దించే లస్కరు, గట్టుకు గండి పడితే అర్ధరాత్రి ఇసుక బస్తా మోసే ఊరివాడు, శివారు చేనుకు నీరందే దాకా వంతు కోసం కాచుకు కూర్చునే రైతు. పది లక్షల ఎకరాల డెల్టా ఈ చేతుల మీద నడుస్తోంది. కట్టినవాడికి విగ్రహం పెట్టుకోవడం ధర్మమే. నిలబెట్టినవాళ్లను గుర్తుంచుకోవడం అంతకంటే అవసరం. ఎందుకంటే కట్టడం ఒకసారి చేసే పని, నిలబెట్టడం ఏటేటా చేయాల్సిన పని.

ఆ ఏటేటా పని ఇప్పుడు ఎలా ఉందో చూడాలంటే, ఊడ్పులు అయిన పది రోజులకు కోనసీమలో పల్లపు చేను గట్టున నిలబడితే చాలు. మూడు రోజులు ముసురు పడుతుంది. చేలో నీరు పిలక మునిగేంత లేస్తుంది. మామూలుగా అయితే బోదెలోంచి చిన్న మురుగుకు, అక్కడి నుంచి పెద్ద డ్రెయిన్‌కు, దాని గుండా సముద్రానికి పోవాలి. బోదె పూడి ఉంటుంది. చిన్న మురుగును రెండు వైపులా చేపల చెరువుల గట్లు నొక్కేసి ఉంటాయి. పెద్ద డ్రెయిన్ నిండా గుర్రపుడెక్క, తూడు పరుపులా అల్లుకుని ఉంటుంది. మొగ దగ్గర ఇసుక మేట వేసి ఉంటుంది. పైగా సముద్రం పోటు మీదుంటే నీరు ఎదురు తన్నుతుంది. నాలుగో రోజుకు ఆకు పసుపుబారుతుంది, ఆరో రోజుకు మొదలు కుళ్లుతుంది. రైతు మళ్లీ నారు కొని, మళ్లీ కూలి పెట్టి, మళ్లీ ఊడుస్తాడు. మళ్లీ వాన కురుస్తుంది.

గోదావరి ఏడు పాయలుగా సముద్రంలో కలుస్తుందని, ఒక్కో పాయకు ఒక్కో రుషి పేరని మనవాళ్లు చెప్పుకుంటారు. సప్తసాగర యాత్ర చేసి ఏడు చోట్లా స్నానం చేస్తారు. ఆ ఏడింటిలో తుల్యభాగ, కౌశిక ఇప్పుడు నీటిపారుదల శాఖ కాగితాల మీద డ్రెయిన్లు. రుషుల పేరున్న నదులు మురుగు కాలువలయ్యాయి. ఆ మురుగు కాలువలు కూడా మూసుకుపోతున్నాయి. మొక్కడానికి పాయ కావాలి, పూడిక తీయడానికి మాత్రం ఎవరూ లేరంటే ఆ భక్తి నదికి చేరదు.

ఇది కొత్తగా తెలిసిన జబ్బు కాదు. 1960లలోనే మిత్రా కమిటీ కృష్ణా, గోదావరి డెల్టాల మురుగు సమస్యను పరిశీలించి ఏం చేయాలో చెప్పింది. 1968లో ఈ పని కోసమే డెల్టా రైతుల మీద డ్రెయినేజీ సెస్సు వేస్తూ చట్టం చేశారు. రైతులు నీటి తీరువాతో పాటు అదీ కట్టారు. 1997లో నీటి వినియోగదారుల సంఘాల చట్టం వచ్చింది. కాలువ మీద పెత్తనం రైతుకే అన్నారు. కొన్ని చోట్ల సంఘాలు బాగా పనిచేశాయి. తర్వాత ఎన్నికలు జరగని ఏళ్లున్నాయి, నిధులు రాని ఏళ్లున్నాయి. 2011లో కోనసీమ రైతులు సార్వాకు చేలు బీడు పెట్టి క్రాప్ హాలిడే ప్రకటించారు. అన్నపూర్ణ అని పిలిపించుకునే నేల మీద వేలాది ఎకరాలు ఖాళీగా పడి ఉన్న సంవత్సరం అది. ధర లేకపోవడం ఒక కారణం, కూలి ఖర్చు ఒక కారణం, మురుగు పోకపోవడం ఇంకో కారణం. ఆ రైతులు కోపంతో చేసిన పనిని చరిత్ర చదివినవాళ్లు హెచ్చరికగా చదవాలి. గోధుమ వదిలి బార్లీకి మారిన సుమేరు రైతుకూ, వరి వదిలి చేను బీడు పెట్టిన కోనసీమ రైతుకూ మధ్య నాలుగు వేల ఏళ్లున్నాయి. ఇద్దరి కాళ్ల కింది నేల మాత్రం ఒకే మాట చెబుతోంది.

సముద్రం వైపు నుంచి మరో కబురు వస్తోంది. డెల్టా అంటే నది ఏటా పోసే మట్టికీ, సముద్రం ఏటా కోసే కోతకూ మధ్య నిలిచే సమతూకం. ఆంధ్ర విశ్వవిద్యాలయ పరిశోధకులు ఈ లెక్క తీశారు. 1970లలో గోదావరి ఏడాదికి సుమారు 15 కోట్ల టన్నుల ఒండ్రు తెచ్చేది. 2000 తర్వాతి ఏళ్లలో అది 6 కోట్ల టన్నుల లోపుకు దిగింది. మిగిలింది ఎగువ జలాశయాల అడుగున పడుతోంది. 1965 నుంచి 2008 వరకు 43 ఏళ్లలో కృష్ణా, గోదావరి డెల్టాల తీరం అంతా కలిపి 76 చదరపు కిలోమీటర్ల నేలను సముద్రానికి వదులుకుంది. కాలం గడిచేకొద్దీ ఆ వేగం పెరిగింది. నైలు మీద 1970లో ఆస్వాన్ హైడ్యాం పూర్తయ్యాక ఈజిప్టు డెల్టాకు జరిగిందీ ఇదే. మనకు కాస్త ఉత్తరాన ఉప్పాడ తీరంలో రోడ్డు వేయడం, అలలు కోయడం, మళ్లీ రాళ్లు పోయడం మామూలు సంగతైంది. అక్కడి మత్స్యకారులకు సముద్రం ముందుకొస్తోందని శాస్త్రజ్ఞులు చెప్పక్కర్లేదు. నిన్నటి వీధి ఇవాళ నీళ్లలో ఉంది.

ఒండ్రు ఎక్కువైనా ఊరు పోతుందనడానికి కోరంగి సాక్ష్యం. ఒకప్పుడు అది ఓడలు కట్టే రేవు. బర్మా వెళ్లిన తెలుగువాళ్లందరినీ అక్కడివాళ్లు కోరంగీలనే పిలిచారంటే ఆ రేవు పేరు ఎంత దూరం వెళ్లిందో తెలుస్తుంది. 1789 ఉప్పెన, 1839 తుపాను దాని నడుం విరిచాయి. గౌతమి పాయ మేటలు రేవును మూసేశాయి. ఓడలు కాకినాడకు తరలిపోయాయి. ఇప్పుడు కోరంగి పేరు చెబితే మడ అడవులు గుర్తొస్తాయి. మనిషి వదిలిన చోట ఆ అడవి నిలబడి, వెనక ఉన్న ఊళ్లకు తుపాను దెబ్బ తగ్గిస్తోంది. నది ఒక చేత్తో తీసుకున్నా మరో చేత్తో ఇచ్చిన వరం అది. దాన్ని నరుక్కోకుండా ఉంచుకోవడం కూడా పూడిక తీసినంత ముఖ్యమైన పనే.

పాతకాలపు నాగరికతలకు తమకు ఏం జరుగుతోందో తెలుసుకునే వీలు లేదు. మొహెంజొదారోలో కాలువ పూడుకుపోతుంటే చూసినవాడికి అది తన తాత కాలంలో కంటే ఎంత పూడిందో చెప్పే లెక్క లేదు. సుమేరు రైతుకు తన పొలంలో ఉప్పు పెరగడం కనిపించింది గానీ, మూడు వందల ఏళ్ల గీత ఎటు పోతోందో కనిపించలేదు. మనకు ఆ సాకు లేదు. ఒండ్రు ఎంత తగ్గిందో తెలుసు. తీరం ఎక్కడ ఎన్ని మీటర్లు కోసుకుపోయిందో ఉపగ్రహం చెబుతోంది. ఏ డ్రెయిన్ మొగ దగ్గర మూసుకుందో ఆ ఊళ్లో ఎవరిని అడిగినా చెబుతారు. 1986 వరద ఎక్కడ గట్టు తెంపిందో, 2022 వరద ఎక్కడ గట్టు మీద చేయి పెట్టిందో రికార్డులున్నాయి. ఇన్ని తెలిసిన నదీలోయ నాగరికత మనది. తెలిసి కూడా వదిలేసిన మొదటిది కాకూడదు.

చేయవలసింది చిన్న చిన్న పనులే, కానీ ఏడాది తప్పని పనులు. కాలువలు కట్టేసిన వేసవి వారాల్లోనే పూడికతీత ముగియాలి. జూన్‌లో నీళ్లొదిలే ముందు రోజు టెండరు తెరిచి, నీళ్లు వదిలాక బిల్లు రాసే అలవాటు పోవాలి. సాగునీటి కాలువకు పెట్టే ఖర్చుతో పాటు మురుగు కాలువకూ విడిగా నిధి ఉండాలి, అది వేరే దారి పట్టకూడదు. లస్కరు ఖాళీలు నింపాలి, వాళ్లకు పని తెలిసిన పాతవాళ్లతో నేర్పించాలి. నీటి సంఘాలకు ఎన్నికలు సమయానికి జరగాలి. చేపల చెరువులకు, రొయ్యల చెరువులకు అనుమతి ఇచ్చేటప్పుడు పక్క చేను మురుగు ఎటు పోతుందో మొదట చూడాలి. లంకల్లో, ఏటిలో ఇసుక తవ్వకానికి హద్దు ఉండాలి, ఆ హద్దును కాపాడేవాడూ ఉండాలి. ఎగువ జలాశయాల్లో చేరిన ఒండ్రును ఎంతో కొంత దిగువకు పంపే ఉపాయం ఇంజినీర్లు వెతకాలి. పోలవరం ప్రాజెక్టు ముంపులో పడే రుద్రమకోట వంటి చోట్ల మన పూర్వులు పాతిన బృహత్‌శిలా సమాధులున్నాయి. నీటి కింద పోయే ముందు వాటిని పూర్తిగా పరిశీలించి, ఆ వివరాలు తెలుగులో పుస్తకంగా వేసి పిల్లల చేతిలో పెట్టాలి. తన నేల ఎన్ని సార్లు లేచి వాలిందో తెలిసిన పిల్లే రేపు దాన్ని కాపాడే ఇంజినీరో రైతో అవుతుంది.

పి.గన్నవరం దగ్గర వైనతేయ పాయ మీదుగా కాలువ నీటిని దాటించే కొత్త అక్విడక్టుకు డొక్కా సీతమ్మ గారి పేరు పెట్టుకున్నాం. ఆకలితో వచ్చిన ఎవరికైనా ఏ వేళైనా అన్నం పెట్టిన తల్లి ఆమె. ఆ పేరు నిలబడాలంటే ఆ కాలువలో నీరు శివారు దాకా పోవాలి, పల్లపు చేలోంచి మురుగు బయటికి పోవాలి. ఒక డెల్టా బతికుందా లేదా అని తేల్చేది ఆ రెండే. ఈ రెండింటినీ ఏటా సరిచూసుకున్నంత కాలం గోదావరి నేల మీద అన్నం ఉడుకుతుంది. వదిలేసిన ఏడాది నుంచి, ఆరో తరగతి పుస్తకంలో మన గురించిన పాఠం రాయడం మొదలవుతుంది. అది రాయనివ్వకపోవడం మన చేతుల్లోనే ఉంది.